ఎర్ర గుడ్డ కట్టిన తలుపు దగ్గర పాట

బుల్లీ, నువ్వు పోయావన్న కబురు వచ్చేసరికి నీ కోసం పెట్టిన జావ ఇంకా స్టవ్ మీదే ఉంది. ఆసుపత్రి నుంచి నేను ఇంటికి వచ్చి గంట కూడా కాలేదు. తొమ్మిది రోజులుగా ఏమీ లోపలికి పోనిదానివి, ఆ పొద్దున్న నోరు తెరిచి నూకల జావ అడిగావు. పలచగా కాయమన్నావు, ఉప్పు తక్కువ వెయ్యమన్నావు. పక్క క్వార్టర్ బెంగాలీ వదిన, మేం బౌదీ అంటాం, వాన నీళ్ళ కాళ్ళతోనే వంటింట్లోకి వచ్చింది. ముందు వంగి స్టవ్ ఆపింది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. స్టవ్ ఎందుకు ఆపిందో నాకు అప్పుడే తెలిసిపోయింది.

ఇక్కడి నుంచి చదివేవాళ్ళతో మాట్లాడతాను. నీతో మాట్లాడుతూ రాస్తే ఒక్క ముక్క కూడా ముందుకు కదలడం లేదు.

మా అమ్మాయి పోయిన ఆగస్టులో పచ్చకామెర్లతో పోయింది. ఇరవై ఆరేళ్ళు. ఈ రైల్వే ఊళ్ళోనే ఝపటాపూర్‌లో చిన్నపిల్లల బడిలో పాఠాలు చెప్పేది. మన చర్చి క్వయర్‌లో పాడేది. పెళ్ళి మాటలు జరుగుతున్నాయి. ఆ సంగతి ఇక్కడ రాయను. సంఘం పుస్తకంలో తన గురించి నాలుగు మాటలు రాయమని పాస్టర్‌గారు అక్టోబరులోనే అడిగారు. ఒప్పుకున్నాను గానీ కాగితాలు అలమారాలోనే ఉండిపోయాయి. కూర్చోవాలంటే అలసట, లేవాలంటే అలసట. క్రిస్మస్ వెళ్ళాక ఇప్పుడు రాస్తున్నాను. ఎందుకు రాయగలుగుతున్నానో చివర్లో చెబుతాను.

మా ఆయన గూడ్స్ బండి డ్రైవరు. ఇంకా రెండేళ్ళ సర్వీసు ఉంది. డ్రైవరింట్లో పగలు రాత్రవుతుంది, రాత్రి పగలవుతుంది. కాల్‌మ్యాన్ పుస్తకం పట్టుకుని ఏ వేళ వచ్చి తలుపు కొడితే ఆ వేళ డ్యూటీకి బయల్దేరాలి. తిరిగి వచ్చి, ఊరంతా మేలుకుని ఉన్నప్పుడు పడుకోవాలి. మా లైన్లో క్వార్టర్లన్నీ ఒకే గోడకి అతుక్కుని ఉంటాయి. ఒకింట్లో గిన్నె పడితే మూడిళ్ళు ఉలిక్కిపడతాయి. అందుకని నా ఎర్ర రవిక ఒకటి చిరిగినప్పుడు ఒక ముక్క కోసి తలుపు గడియకి కట్టాను. గుడ్డ ఉంటే లోపల మనిషి పడుకున్నట్టు. ఎరుపంటే ఏమిటో రైల్వే వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. చేపలమ్మే దీదీ కూడా మా గుమ్మం దగ్గరికి వచ్చేసరికి కేక ఆపేసి, దాటాక మళ్ళీ ఎత్తుకునేది. పోనుపోను మా లైన్లో నైట్ డ్యూటీ వాళ్ళ తలుపులన్నిటికీ ఎర్ర గుడ్డలు వచ్చాయి.

మా అమ్మాయి ఆ గుడ్డ వెనకాలే పెరిగింది. నవ్వితే నోటి మీద వేలు పెట్టాను. ఏడిస్తే నోరు మూశాను. మిగతా పిల్లలు ఎక్కాలు అరిచి చదివితే ఇది పెదాలతో చదివేది. పాట కూడా అలాగే పట్టుబడింది దానికి. ఊపిరికి కాస్త ఎక్కువ, మాటకి కాస్త తక్కువ. పక్కన కూర్చున్నవాళ్ళకి వినబడేది, ఎదురుగా ఉన్నవాళ్ళకి వినబడేది కాదు. దాని అసలు గొంతు ఎంత ఉండేదో కన్నతల్లినైనా నాకు తెలియదు. తెలుసుకోనివ్వలేదు నేను.

దానికి పద్నాలుగేళ్ళప్పుడు, ఎండాకాలంలో, వాళ్ళ నాన్న బండి కింద ఒక మనిషి పడ్డాడు. డ్రైవర్లకి ఇది కొత్త కాదంటారు. ఈయనకి అదే మొదటిసారి. బ్రేకు వేశారు. నిండా బొగ్గున్న బండి బ్రేకు వెయ్యగానే ఆగుతుందా? ఆ మనిషి చివరి క్షణంలో తల ఎత్తి తనని చూశాడని ఒక్కసారి చెప్పారు, మళ్ళీ చెప్పలేదు. అప్పటి నుంచి ఆయనకి నిద్ర లేకుండా పోయింది. కళ్ళు మూస్తే ఆ ముఖమే. తలుపుకి గుడ్డ కట్టి, కిటికీకి దుప్పటి కట్టి, నేను వీధిలో కూర్చుని కాకుల్ని కూడా తోలాను. లోపల ఆయన కళ్ళు తెరుచుకునే ఉండేవారు.

ఒక మధ్యాహ్నం నేను బట్టలు ఆరేసి వచ్చేసరికి పిల్ల ఆ గది గుమ్మంలో లెక్కల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, తనలో తను పాడుకుంటోంది. క్రిస్మస్ పాట. పొలంలో గొల్లలు, ఆకాశంలో చుక్క, అదీ. బయట రోడ్డు మీద తారు కరుగుతోంది. నాకు ఒళ్ళు మండింది. చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కొచ్చాను.

"మే నెల్లో కిస్మస్ పాటేటే గుంటా? ఇన్నవోళ్ళు నవ్వుతారు."

"మరి నాన్నకి డిసెంబరు దాకా నిద్దరొద్దేటి?" అంది.

గదిలోకి తొంగి చూశాను. ఆయన గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నారు. వీపు మెల్లగా లేస్తోంది, దిగుతోంది. గురక కూడా మొదలైంది. నేను ఆ గుమ్మంలోనే కూలబడ్డాను. చాలా రోజుల తర్వాత నాకూ ఒళ్ళు వదులైంది.

తర్వాత ఒకరోజు ఆయన్నే అడిగాను, మిగతా పాటలకి రాని నిద్ర ఆ పాటలకే ఎందుకు వస్తుందని. ఆయన ఇలా అన్నారు.

"ఆ పాటింటే సున్నం వాసనొస్తాదే. మా ఊర్లో డిసెంబరొస్తే మా అమ్మ ఇల్లంతా సున్నం ఏసీది. సున్నం ఏసినింట్లోకి సెడ్డది రాదనీది. పాటింటన్నంత సేపూ ఆ మడిసి గుమ్మం బైటే ఉండిపోతన్నాడు."

అంతకంటే వివరంగా నాకు ఎవరూ చెప్పలేదు. క్రిస్మస్ పాట మనసుకి ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే ఈ మాటే చెబుతాను. మనసులోది పోదు. కానీ పాట ఉన్నంతసేపూ గుమ్మం బయట నిలబడుతుంది. ఆ కాస్త వేళలో మనిషి నిద్రపోవచ్చు, అన్నం తినొచ్చు. ఆ ఏడాదంతా మా ఇంట్లో డిసెంబరే నడిచింది. దుర్గాపూజ డప్పులు వాయిస్తుంటే కూడా మా ఇంట్లో గొల్లల పాటే. బౌదీ గోడకి అటు పక్క కూర్చుని కూరగాయలు తరుగుతూ వినేది. మా తెలుగు ఒక్క ముక్క రాని మనిషి, రెండు నెలల్లో ఆ రాగాలన్నీ నేర్చేసింది.

మా అమ్మాయి పెద్దయ్యాక క్వయర్‌లో చేరింది. అక్కడ కూడా దాని గొంతు వేరుగా వినబడేది కాదు. సోలో పాడమని క్వయర్ మాస్టారు అడిగితే పక్క పిల్లని ముందుకు తోసేది. కానీ నోరు తెరవాల్సిన చోట తెరిచింది. డిసెంబరు రాత్రుల్లో క్వయర్ ఇంటింటికీ తిరిగి పాడుతుంది కదా, ఆ రౌండ్ గురించి మాట్లాడుకుంటున్నప్పుడు లేచి అడిగిందట: "రాత్రి డ్యూటీ ఓల్లకి యేసయ్య పుట్టనేదేటి మాస్టారూ? రౌండుకి మనం రాత్రే ఎల్తాం. ఓల్లేమో ఇంజిన్లోనో కేబిన్లోనో ఉంటారు. ఒక్క ఏడన్నా ఇన్నారేటి?" మాస్టారు పగలు తిరిగి పాడితే ఎవరైనా విన్నారా అని నవ్వారట. ఇది ఊరుకోలేదు. "దూత ముందుగా ఎవులికి సెప్పినాడు? గొల్లోల్లకి. ఆల్లదీ నైట్ డూటీయే." మాస్టారు ఆ మాట చర్చిలో కూడా చెప్పి నవ్వించారు. అలా మన సంఘంలో పగటి రౌండ్ వచ్చింది. క్రిస్మస్ ముందు ఆదివారం, ఆరాధన అయ్యాక, మధ్యాహ్నం పూట.

మొదటి ఏడాది పట్టాలు మార్చే ఒక పాయింట్స్‌మన్ ఇంటి తలుపుకి ఎర్ర గుడ్డ కనబడితే మాస్టారు వెనక్కి తిరిగారు. మా అమ్మాయి అందర్నీ ఆపింది. ఆ తలుపుల కోసమే కదా వచ్చాం అంది. చెయ్యి కిందికి చూపించి, ఇంకా, ఇంకా అని గొంతులు దింపించింది. పద్నాలుగు మంది కలిసి పాడితే గుమ్మం మీది పిచ్చుక లేవలేదని మాస్టారు ఇప్పటికీ చెబుతారు. లోపల ఆ పాయింట్స్‌మన్ లేవలేదు. మర్నాడు చర్చి దగ్గర కనబడి ఫిర్యాదు చేశాడు. "పాట నిద్దర్లోనే ఇన్నాను బుల్లమ్మా. కేకు ముక్క మాత్రం ఎవులూ నిద్దర్లో ఎట్టనేదు."

అప్పటి నుంచి ఆ పిల్లలకి అదో నియమమైపోయింది. ఎర్ర గుడ్డ కట్టిన తలుపు దాటి వెళ్ళకూడదు. సన్నగా పాడాలి. అలా చాలా ఏళ్ళు తిరిగారు.

ఇంకొక అలవాటు దానిది. పాటకి వచ్చినవాళ్ళని ముందు "తిన్నారా?" అని అడిగేది. తినలేదంటే పాడనిచ్చేది కాదు. ప్రాక్టీసుకి చేతిసంచిలో మూడీ తెచ్చేది. మన మరమరాలే, ఇక్కడివాళ్ళు మూడీ అంటారు. ఆవనూనె చుక్క, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ కలిపి కాగితాల్లో పంచేది. "కాళీ కడుపుతో పాడితే గొంతు ఒణుకుతాది" అనేది. బడిలో చిన్నపిల్లలతో కూడా ఇదే మాట. క్రిస్మస్‌కి నేను ఖర్జూర బెల్లంతో అరిసెలు వండితే పాకం పడుతుండగానే అడిగేది, ఎన్నొచ్చాయి, క్వయర్‌కి సరిపోతాయా అని.

ఆసుపత్రిలో, పోయే ముందు రోజు సాయంత్రం కళ్ళు మూసుకునే నన్ను అడిగింది, నువ్వు తిన్నావా అని. తిన్నానన్నాను.

"అబద్దం. నీ గొంతొణుకుతంది" అంది.

తర్వాత ఇంకో మాట అంది. "అమ్మా, గొల్లల పాట పాడవా? సన్నగా."

నేను జీవితంలో ఎప్పుడూ పాడలేదు. చర్చిలో అందరూ పాడుతుంటే పుస్తకం పట్టుకుని నిలబడేదాన్ని. చుట్టూ పక్కమంచాల వాళ్ళున్నారు, నర్సమ్మలు తిరుగుతున్నారు. రేపు పాడతానే అన్నాను. మర్నాడు పొద్దున్న అది జావ అడిగింది, నేను ఇంటికి వచ్చాను. మిగతాది మొదట్లోనే రాశాను.

సెప్టెంబరులో క్వయర్ పిల్ల ఒకత్తి క్యాసెట్ ఒకటి తెచ్చి ఇచ్చింది. రెండేళ్ళ కిందట చర్చి హాల్లో ప్రాక్టీసు చేస్తుంటే టేపులోకి ఎక్కించారట. ఇందులో అక్క ఉంది అత్తా అంది. నేను టేప్ రికార్డరుకి చెవి ఆనించి కూర్చున్నాను. పద్నాలుగు మంది పాడిన పాట. ఒక్కొక్కటీ ఏరాను, రాళ్ళు ఏరినట్టు. ఇది మాస్టారి అమ్మాయి, ఇది నర్సుగారి కోడలు. ఎవరి గొంతు ఏదో చెప్పగలిగాను గానీ నా కూతురి గొంతు దొరకలేదు. మూడు రోజులు వెతికాను. పక్కవాళ్ళకే వినబడేలా పాడిన పిల్ల, టేపులోకి ఎక్కడ వస్తుంది? ఎవరు నేర్పారు దానికి అలా పాడటం? నా మీద నాకే కోపం వచ్చి ఆ క్యాసెట్ తీసుకెళ్ళి బియ్యం డబ్బా అడుగున తోసేశాను. ఇక నా ఇంట్లో క్రిస్మస్ పాట వినబడకూడదు అనుకున్నాను.

నేను చేసిన తప్పు అది. ఎందుకంటే మా ఆయనకి మళ్ళీ నిద్ర లేకుండా పోయింది.

పిల్ల పోయిన రోజు నుంచీ ఆయన నిద్రపోలేదు. కంటిమీద కునుకు లేకుండా డ్యూటీకి వెళ్ళేవారు, అలాగే వచ్చేవారు. ఒకసారి, ఆ టేపేదే, అని అడిగారు. పాడైపోయిందన్నాను. ఆయనతో బండెక్కే అసిస్టెంటు కుర్రాడు కాదు, ఇద్దరు పిల్లల తండ్రి, నెమ్మదైన మనిషి. నవంబరులో ఆయన లేని వేళ చూసి ఇంటికి వచ్చాడు. దారిలో సిగ్నల్ కనబడగానే ఇద్దరూ దాని రంగు ఒకరికొకరు పైకి చెప్పుకోవాలి. అది వాళ్ళ పద్ధతి.

"అత్తా, నాను సిగ్నల్ పిలిస్తే మావయ్య లేటుగా పలుకుతన్నాడు. మొన్న రెండుసార్లు పిలవాల్సొచ్చినాది. రిపోర్టు సెయ్యడానికి నాకు నోరు రాదు. నువ్వే ఏటన్నా సెయ్యి" అన్నాడు.

అతను వెళ్ళాక బియ్యం డబ్బా మూత తీశాను. మళ్ళీ పెట్టేశాను. ఇంకొక మనిషి బండి కింద పడితే, ఈసారి బండే ఎక్కడైనా గుద్దుకుంటే అన్న భయం వదల్లేదు. అయినా తియ్యలేకపోయాను. అందరి గొంతులూ ఉండి దాని గొంతు లేని పాట నా ఇంట్లో మోగడం నా వల్ల కాలేదు. ఆయన నిద్ర కన్నా నా ఏడుపే నాకు ఎక్కువైంది. దాచడం ఎందుకు, రాసేస్తున్నాను.

డిసెంబరు వచ్చింది. మాస్టారిని కలిసి ఈ ఏడాది మా ఇంటికి రావొద్దని చెప్పాను. ఆయన తల దించుకుని సరేనమ్మా అన్నారు. అయినా నాకు నమ్మకం లేకపోయింది. రౌండ్ ఆదివారం మా ఆయన పొద్దున్నే డ్యూటీ నుంచి వచ్చి మంచం మీద వాలారు. నేను చర్చికి వెళ్ళలేదు. మధ్యాహ్నం అవుతుంటే ఎర్ర గుడ్డ తీసి గడియకి గట్టిగా కట్టాను. ఆయన పడుకున్న మాట నిజమే. కానీ కట్టింది ఆయన కోసం కాదు. గుడ్డ చూస్తే ఎవరైనా దాటి వెళ్ళిపోతారని కట్టాను. ఇరవై ఏళ్ళు ఆ గుడ్డ చేసిన పని అదే. పిల్లలకి నా కూతురు ఏం నేర్పిందో నాకు ఆ వేళ గుర్తే రాలేదు.

చెప్పుల చప్పుడు లైన్ చివర నుంచి వచ్చింది. మా గుమ్మం దాకా వచ్చింది. దాటిపోతుందనుకున్నాను. ఆగింది. ఎవరో గుసగుసగా ఏదో అన్నారు. తర్వాత మాస్టారే చెప్పారు నాకు. "మీరు వద్దన్నారని దాటిపోదామనే వచ్చామమ్మా. గుడ్డ కనబడ్డాక పిల్లలు కదల్లేదు. ఎర్ర గుడ్డ తలుపు దాటితే అక్క ఊరుకోదు అన్నారు." నేను ఆ గుడ్డ కట్టకపోయి ఉంటే వాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళు.

తలుపు తెరిచి పంపించేద్దామని గడియ మీద చెయ్యి వేశాను. అప్పుడు మొదలుపెట్టారు.

ఎలా పాడారో చెప్పడం నాకు చేతకాదు. తలుపుకి ఇటు పక్క నిలబడితే వినబడుతోంది, రెండు అడుగులు వెనక్కి వేస్తే లేదు. ఊపిరికి కాస్త ఎక్కువ, మాటకి కాస్త తక్కువ. పదమూడు మంది ఉన్నారు. పదమూడు మందీ మా అమ్మాయి లాగే పాడుతున్నారు. క్యాసెట్‌లో మూడు రోజులు వెతికితే దాని గొంతు దొరకలేదు. తలుపు అవతల, పేరు పేరునా నాకు తెలిసిన ఆ పిల్లల నోళ్ళలో ఉంది.

వెనక గదిలో మంచం కిర్రుమంది. లేచారేమో అనుకున్నాను. లేవలేదు. గోడ వైపు తిరిగారు. కాసేపటికి గురక వినబడింది. ఆగస్టు తర్వాత మొదటిసారి.

నేను గడియ తియ్యలేదు. తలుపుకి నుదురు ఆనించి, వాళ్ళతో పాటు నేనూ పాడాను. గొల్లల పాటే. మాటలు సగం వచ్చాయి, సగం రాలేదు. గొంతు వణికింది. ముందు రోజు రాత్రి నుంచి నేను ఏమీ తినలేదని అప్పుడు తెలిసింది నాకు.

వాళ్ళు తలుపు కొట్టకుండానే వెళ్ళిపోయారు. నేను వంటింట్లోకి వెళ్ళి పొద్దుటి అన్నంలో చల్లారిన పప్పు కలుపుకుని నిలబడే తిన్నాను. మళ్ళీ వడ్డించుకుని తిన్నాను. తర్వాత బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి క్యాసెట్ తీశాను. ఊది, తుడిచి, ఆయన గది గుమ్మంలో పెట్టాను. ఆయన లేచేసరికి చీకటి పడింది. టేపు వైపు చూశారు, నా వైపు చూశారు. "బాగైనాదేటి?" అన్నారు. బాగైంది అన్నాను. అసిస్టెంటు మొన్న కనబడి, మావయ్య ఇప్పుడు తన కంటే ముందే పలుకుతున్నాడని చెప్పి వెళ్ళాడు.

జనవరి సగం అయిపోయింది. ఇది రాస్తుంటే బయట ఎండ ఉంది. ఎర్ర గుడ్డ గడియకి వేలాడుతోంది, ఆయన పడుకుని ఉన్నారు. టేపు సన్నగా పెట్టాను, నేనూ సన్నగా కలుస్తున్నాను. మే నెల వచ్చినా ఇదే పాట మోగుతుంది మా ఇంట్లో. ఎవరైనా నవ్వితే నవ్వనీ. అలసట పోలేదు, పోతుందని కూడా అనుకోవడం లేదు. గుమ్మం బయట కూర్చుని ఉంది, అంతే. అందుకే ఇది రాయగలిగాను.

అన్నం వార్చాను. ఆయన్ని లేపే వేళయింది. మీరు కూడా ఈ పుస్తకం పక్కన పెట్టి, వేళ దాటకుండా కడుపు నిండా అన్నం తినండి.